బాక్ గురించి మన చర్చిల్లో వినిపించే కథలు: అపోహలు - వాస్తవాలు

చిత్తూరులో ఆదివారం ఆరాధనకు కీబోర్డు వాయిస్తాను, సాయంత్రాలు పిల్లలకు నేర్పిస్తాను. పాతకాలపు జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాక్ పేరెత్తితే చాలు, తలా ఒక కథ చెబుతారు. కొన్నింటిని సరిచేయక తప్పడం లేదు.

అపోహ: చర్చి పెద్దలు ఏం చెబితే అది తలవంచుకుని వాయించిన మహాభక్తుడు.

వాస్తవం: భక్తి సరే, తలవంచడం మాత్రం అబద్ధం. 1703లో, 18 ఏళ్లకు, జర్మనీలోని ఆర్న్‌స్టాట్ ఊరి చర్చిలో ఆర్గనిస్టుగా చేరాడు. 1705లో నాలుగు వారాలు సెలవు పెట్టి, పేరుమోసిన ఆర్గనిస్టు బుక్స్‌టెహూడె వాయిద్యం వినడానికి ల్యూబెక్ నగరానికి వెళ్లి, దాదాపు నాలుగు నెలలకు తిరిగొచ్చాడు. పెద్దలు పిలిచి నిలదీశారు. సెలవు సంగతి ఒక్కటే కాదు, కీర్తనలో వింత స్వరాలు చొప్పించి సంఘాన్ని తికమకపెడుతున్నావన్నారు. పాటకు ముందు వాయించేది మరీ సాగదీస్తున్నావంటే, వెంటనే మరీ కురచ చేసేశాడనీ ఫిర్యాదు! మా దగ్గరా ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన వచ్చి, "బాబూ, నువ్వా సంగతులేస్తుంటే చరణం ఎక్కడ ఎత్తుకోవాలో తెలీడం లేదయ్యా" అంటుంటారు. బాక్‌కూ నాకూ పోలిక అక్కడితో సరి.

అపోహ: ఆర్గన్ అంటే పెద్ద హార్మోనియం.

వాస్తవం: హార్మోనియంలో పలికేవి రీడ్లు, ఒక చెయ్యి తిత్తికే పోతుంది. బాక్ వాయించింది గొట్టాల ఆర్గన్. తిత్తులు తొక్కడానికి వేరే మనుషులుండేవాళ్లు. మీట నొక్కితే గొట్టంలోకి గాలి వెళుతుంది, అంతే. ఎంత గట్టిగా కొట్టినా సౌండు పెరగదు, స్టాప్‌లు, అంటే ఏ గొట్టాల వరస పలకాలో ఎంచే పిడులు, లాగాలి. వేలు తీయగానే స్వరం ఆగిపోతుంది కాబట్టి స్వరాలను వేళ్లతోనే కలపాలి. మంద్రస్థాయికి కాళ్ల కింద ఇంకో మీటల వరస. కొత్త ఆర్గన్‌ను పరీక్షించేటప్పుడు బాక్ ముందు స్టాప్‌లన్నీ లాగి దాని ఊపిరితిత్తుల బలం చూసేవాడని కొడుకు ఎమాన్యుయేల్ రాశాడు.

అపోహ: కోరల్ (జర్మన్ చర్చి కీర్తన) బాణీలన్నీ బాక్‌వే.

వాస్తవం: చాలావరకు పాతవి, ఆయన నాలుగు గొంతులకు అమర్చాడు. మత్తయి సువార్త శ్రమల రచనలో పదేపదే వినిపించే బాణీ, 1601లో హాస్లర్ అనే స్వరకర్త అచ్చువేసిన ప్రేమపాటది. ప్రేమపాట బాణీ చర్చిలోనా అని ముక్కు విరిచేవాళ్లు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తీసి, పాటల పైన అచ్చువేసిన రాగాల పేర్లు చూడండి.

అపోహ: లైప్‌జిగ్‌లో 27 ఏళ్లు ఆర్గనిస్టు.

వాస్తవం: 1723 నుంచి 1750లో చనిపోయేదాకా అక్కడ ఆయన కాంటర్, అంటే గాయకబృందాన్ని నడిపి, బడి పిల్లలకు పాట నేర్పే సంగీత పెద్ద. ఆర్గనిస్టులు వేరే ఉండేవాళ్లు.

అపోహ: పోయాక అందరూ మర్చిపోతే, 1829లో స్వరకర్త మెండెల్సన్ వెలికితీశాడు.

వాస్తవం: సగం నిజం. పెద్ద గాత్ర రచనలు మరుగునపడ్డాయి. కీబోర్డు రచనలు మాత్రం చేతిరాత ప్రతులుగా శిష్యుల చేతుల్లో తిరుగుతూనే ఉన్నాయి. చిన్నప్పుడు బాన్‌లో బీథోవెన్ నేర్చుకున్నది వాటిలో ఒకటైన 'వెల్-టెంపర్డ్ క్లేవియర్' సంపుటితోనే. అందులో మొదటిదైన సీ మేజర్ ప్రిల్యూడ్‌ను పిల్లలు ఫోన్లో విని వచ్చి నేర్పమంటారు. ఇంట్లో హార్మోనియం మాత్రమే ఉంటే కుదరదు, దానికి రెండు చేతులూ కావాలి.