ఇల్లు కట్టే ముందు గీసే రఫ్ ప్లాన్: మన దిక్కు అపోహలు, అసలు వాస్తవాలు

నల్గొండ, చండూరు, దేవరకొండ, ఇటు జడ్చర్ల, మహబూబ్‌నగర్ దాకా సొంతిల్లు కట్టుకునేటోళ్లకు ప్లాన్లు గీసే పని నాది, ఆర్కిటెక్ట్‌ని. ఈ పోస్టు మొత్తం ఒక్క స్టేజి గురించే. మేం స్కీమాటిక్ డిజైన్ అంటం, మీరు రఫ్ ప్లాన్ అనో లైన్ ప్లాన్ అనో అంటరు. మీకు ఏమేం కావాల్నో రాసుకున్నంక, పర్మిషన్ డ్రాయింగుకు, పిల్లర్ల డ్రాయింగుకు ముందు వచ్చే స్టేజి ఇది. ఏ రూము పక్కన ఏ రూము, మెట్లు ఎక్కడ, కారు ఎక్కడ, రోడ్డుకు ఇల్లు ఎంత ఎత్తు, సుమారు ఖర్చు ఎంత, ఇవన్నీ ఇక్కడనే తేలిపోతయి. మనోళ్లు మస్తు తొందరపడేది కూడ ఈ స్టేజిలనే, ముగ్గు పోసే ముహూర్తం పెట్టుకోని వచ్చి సార్ వచ్చే బుధవారం వరకు ప్లాన్ కావాలె అంటరు, నాకు నిజంగ బాధనిపిస్తది, ఎందుకంటే ముప్పై నలభై ఏండ్లు ఉండే ఇంటికి అసలు ఆలోచన జరిగే టైమ్ ఇదొక్కటే.

అపోహ: 200 గజాల ప్లాటుంది, అంటే 1800 చదరపు అడుగుల ఇల్లొస్తది

రాదు. లెక్క చేసి చూపిస్త, మీరు కూడ పేపర్ మీద గీసుకోండ్రి.

30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ప్లాట్ అనుకుందం, మన వెంచర్లల్ల ఎక్కువ ఇదే సైజు ఉంటది. 2012ల వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్ ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాట్‌కు, ముందు రోడ్డు 12 మీటర్ల లోపల ఉంటే, ముందట మీటరున్నర, మిగతా మూడు దిక్కులా మీటర్ చొప్పున జాగ వదలాలె. 200 గజాలంటే 167 చదరపు మీటర్లు, సో ఈ లెక్క కిందికే వస్తది. రెండు పక్కల మీటర్ మీటర్ పోతే వెడల్పు 23 అడుగుల 5 అంగుళాలు మిగులుతది. పొడవు దాదాపు 52 అడుగులు. అంటే ఒక ఫ్లోర్‌కు 1200 చదరపు అడుగుల పైచిలుకు, అంతే.

ఇంకా ఉంది. ఆ 23 అడుగుల 5 అంగుళాలల్ల అటు ఇటు బయటి గోడలు తొమ్మిది అంగుళాల చొప్పున పోతే లోపల 21 అడుగుల 11 అంగుళాలు. నడుమ నాలుగున్నర అంగుళాల గోడ ఒకటి. పక్కపక్కన రెండు రూములు పెడితే ఒక్కోటి పది అడుగుల తొమ్మిది అంగుళాల వెడల్పు దాటదు, అది కూడ ప్లాస్టరింగ్ మందం లెక్కలకెళ్లి తీసెయ్యకముందు. ఇప్పుడు మీరు 12 బై 14 బెడ్రూములు రెండు పక్కపక్కన కావాలె అంటే నేను యాడికెళ్లి తేవాలె? రఫ్ ప్లాన్ల మొట్టమొదలు గీసేది రూములు కాదు, ఈ సెట్‌బ్యాక్, అంటే చుట్టూ వదిలే జాగ గీతలు. అవి గీసినంకనే మిగతా మాట.

అపోహ: మున్సిపాలిటీల పర్మిషన్‌కు పెట్టిన ప్లానే ఇంటి ప్లాన్

పర్మిషన్ డ్రాయింగుల చూసేది సెట్‌బ్యాక్, ఎత్తు, రోడ్డు వెడల్పు, ఇసొంటివి. మీ వంటింట్ల గాలి ఆడుతదా, ముసలోళ్లు రాత్రి బాత్రూంకు ఎన్ని అడుగులు నడవాలె, అది దాంట్ల ఎవరూ చూడరు, చూడటం వాళ్ల పని కూడ కాదు.

ఇంకో సంగతి. 2020ల వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతోని 500 చదరపు మీటర్ల లోపు ప్లాట్ల, 10 మీటర్ల ఎత్తు దాకా ఇండ్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే పర్మిషన్ ఇచ్చుడు మొదలైంది. మంచిదే, తిరిగే బాధ తప్పింది. కానీ దాని అర్థం ఏందంటే రూల్స్ పాటించిన అని మీరే రాసిస్తున్నరు, తప్పు చూపెట్టినట్టు తేలితే నోటీసు లేకుండనే కూలగొట్టే అధికారం ఆ చట్టంలనే ఉంది. అందుకే రఫ్ ప్లాన్ల అటు అర అడుగు ఇటు అర అడుగు జరుపుదం తీ సార్ అన్నప్పుడు నేను ఒప్పుకోను.

అపోహ: ముందు ఎలివేషన్ (ఇల్లు బయటికి కనిపించే రూపం) చూపియ్యండి, లోపల తర్వాత చూసుకుందం

ఫోన్ల ఫోటోలు పట్టుకొస్తరు, బెంగళూరు ఇల్లో, కేరళ ఇల్లో. ఇష్టాలు తెలుస్తయి కాబట్టి ఫోటోలు తేవడం మంచిదే, తెండ్రి. కానీ ఎలివేషన్ అనేది లోపలి నుంచి బయటికి రావాలె. కిటికీలు ఎక్కడొస్తయో, మెట్లు ముందటికొస్తయో వెనకకు పోతయో తేలకముందే త్రీడీ బొమ్మ గీయిస్తే తర్వాత ఆ బొమ్మకు సరిపోయేటట్టు రూములు ఇరికిస్తరు. పడమర ఫేసింగ్ ఇంటికి ముందంత అద్దాలు పెట్టిచ్చుకోని ఏప్రిల్ నుంచి కర్టెన్లు మూసుకోని బతికే ఇండ్లు మన నల్గొండలనే కావలసినన్ని ఉన్నయి.

అపోహ: మెట్లదేముంది, ఏదో ఒక మూలకు పెట్టండి

రఫ్ ప్లాన్ల అంగుళాల కోసం కొట్లాడొద్దని నేనే అందరికి చెప్త, హాలు 15 అడుగులా 15 అడుగుల 3 అంగుళాలా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. మెట్ల దగ్గర మాత్రం నేను మొదటి రోజే లెక్క కడత, ఎందుకంటే మెట్లు సాగవు, కుంచించుకపోవు.

కింది ఫ్లోర్ నుంచి పై ఫ్లోర్‌కు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. ఒక్కో మెట్టు ఎత్తు ఆరంగుళాల పైచిలుకు పెడితే 20 మెట్లు. నడుమ తిరిగే మెట్లయితే సగం సగం, ఒక్కో వరుసకు పది ఎత్తులు, తొమ్మిది పాదాలు, పాదం అంటే కాలు పెట్టే చోటు. పాదం పది అంగుళాలు, తొమ్మిదింటికి ఏడున్నర అడుగులు. నడుమ ల్యాండింగ్ మూడు అడుగులు, పైకెక్కినంక నిలబడే జాగ ఇంకో మూడు అడుగులు. మొత్తం పదమూడున్నర అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు. ఒక చిన్న బెడ్రూం అంత జాగ ఇది, అది కూడ ప్రతి ఫ్లోర్‌ల అదే చోట.

మెట్లకు 10 బై 6 వదిలిన ప్లాన్లు నా దగ్గరికి చెక్ చేయమని వస్తనే ఉంటయి. అట్ల కడితే ఏమైతది, మెట్టు ఎత్తు ఎనిమిది అంగుళాలయితది, పాదం ఎనిమిదికి వస్తది. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ఇండ్లకు మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు దాటొద్దంటది, పాదం 250 మిల్లీమీటర్లకు తగ్గొద్దంటది. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఎనిమిదంగుళాల మెట్లు ఎక్కుతుంటే రెయిలింగ్ పట్టుకోని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లు పెడుతది, మీరే చూడండ్రి.

అపోహ: ప్లాన్ ఫైనల్ అయినంక వాస్తు సిద్ధాంతికి చూపిస్తం

దయచేసి ముందే పిలవండ్రి. వాస్తు చూసుకునే ఇల్లయితే రఫ్ ప్లాన్ టైమ్‌లనే ఆయన, నేను, మీరు ఒక్క దగ్గర కూసుంటే గంటల పనైపోతది. ఫైనల్ అయినంక దర్వాజ జరపాలె, సంపు జరపాలె అంటే మొత్తం మళ్లీ మొదటికొస్తది.

వాస్తు చూస్తే ఎండ, గాలి చూసుకునుడు కుదరదు అనేది కూడ ఇంకో అపోహ. నైరుతిల మాస్టర్ బెడ్రూం అంటరు కదా, మన ఎండలకు ఆ రూమే సాయంత్రం కాలిపోతది, ముఖ్యంగ పై ఫ్లోర్‌ల. రూము అక్కడనే ఉంచి పడమటి గోడకు అటాచ్డ్ బాత్రూం, వార్డ్‌రోబు పెట్టి పెద్ద కిటికీ దక్షిణం గోడకు పెడితే వేడి చానావరకు తగ్గుతది. పడమట కిటికీకి రెండడుగుల సజ్జ పోస్తే చాలనుకుంటరు, సాయంత్రం ఎండ కిందికి వాలి ఏటవాలుగ వస్తది, సజ్జ దాన్ని ఆపలేదు. ఇంకోటి చాలామంది గమనించరు, మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా నడిమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కొంచెం ఉత్తరం దిక్కే ఉంటడు, పొద్దుగూకేది కూడ వాయవ్యం దిక్కుకు జరిగి. ఉత్తరం కిటికీకి ఎండే రాదనుకోని సజ్జ లేకుండ వదిలెయ్యొద్దు.

అపోహ: ఇంట్ల అందరితోని ఎందుకు, నేను చెప్త రాసుకోండ్రి

చండూరు దిక్కు ఒక రైతు కుటుంబం. పెద్ద కొడుకు మాట్లాడుతున్నడు, హాలు డబుల్ హైట్, అంటే రెండు ఫ్లోర్ల ఎత్తు కావాలె, షాండ్లియర్ కావాలె అని. వాళ్లమ్మ చానాసేపు ఊకనే కూసుంది. లాస్టుకు ఒక్క మాట అడిగింది, "అదంత మంచిగనే ఉంది గని పెద్దోడా, పత్తి ఏడ పోస్తవ్ రా?"

దసరా దాటినంక పత్తి ఏరుడు మొదలైతది, రేటు రాకపోతే సంక్రాంతి దాటినా ఇంట్లనే ఉంటది. ఇప్పటిదాకా పాత ఇంట్ల ముందటి రూము నిండ పోసేటోళ్లు. కొత్త ప్లాన్ల దానికి చోటే లేదు, అంటే తెల్లటి టైల్స్ వేసిన హాల్ల పోస్తరు, ఇంకేం చేస్తరు. డబుల్ హైట్ తీసేసి, రోడ్డు దిక్కు వెడల్పు తలుపు పెట్టి, హాల్లకు రాకుండనే బస్తాలు దించుకునేటట్టు ఒక రూము పెట్టినం. పత్తికి నిప్పు భయం కదా, వంటింటికి దూరంగ పెట్టినం. పత్తి పోయినంక చుట్టాలొస్తే పండుకునే రూము అదే.

నేను ప్రతి ఇంట్ల అడిగేవి ఇవే. ఏడాది బియ్యం ఒక్కసారే తెస్తరా, ఎన్ని బస్తాలు? పచ్చళ్లు ఎక్కడ పెడ్తరు? గిన్నెలు కూసోని తోముతరా నిలబడి తోముతరా? హైదరాబాద్‌ల ఉన్నోళ్లు పండుగకు ఎంతమంది దిగుతరు? వంట చేసేటామె, ఇంట్ల ముసలోళ్లు, ఇద్దరూ లేకుండ రఫ్ ప్లాన్ మీటింగ్ పెట్టొద్దు.

ఇంకొకటి, మునుగోడు, మర్రిగూడ దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. కృష్ణా నీళ్ల లైన్ వంటకు, తాగడానికి, బోరు లైన్ బాత్రూములకు వేరువేరు కావాలంటే రెండు ట్యాంకులు, రెండు పైపులైన్లు, వాటికి జాగ ఇప్పుడే వదలాలె.

అపోహ: స్క్వేర్ ఫీట్ రేటు తెలిస్తే బడ్జెట్ తెలిసినట్టే

మేస్త్రి చెప్పే రేటు స్లాబ్ ఏరియా మీద. కాంపౌండ్ వాల్, సంపు, సెప్టిక్ ట్యాంక్, బోరు, గేటు, బయటి మెట్లు, మట్టి ఫిల్లింగ్, ఇవి దాంట్ల ఉన్నయో లేవో అడిగినోళ్లు తక్కువ. రఫ్ ప్లాన్ దగ్గర నేనిచ్చే అంచనా కూడ పదిహేను ఇరవై శాతం అటు ఇటు ఉంటది, పైసా వరకు చెప్తమనేటోళ్లను నమ్మకండ్రి.

ముఖ్యంగ భూమి. మనకాడ ఒకే వీధిల ఒక ప్లాట్ ఎర్ర చెల్క, పక్క ప్లాట్ల రెండడుగుల కింద పరుపు బండ, ఇంకాస్త ముందటికి పోతే నల్లరేగడి. బండ తగిలితే పునాది గట్టిదే గాని సంపు తవ్వడానికి కొట్టించే ఖర్చు దండిగైతది, నల్లరేగడి అయితే వానకు ఉబ్బి ఎండకు పగులుతది కాబట్టి పునాది తీరే మారుతది. రఫ్ ప్లాన్ గీసేటప్పుడే జేసీబీతోని రెండు మూలలకు ఐదారడుగుల గుంతలు తీయించండ్రి, ఇంజనీరును పిలిచి చూపించండ్రి, అవసరమంటే సాయిల్ టెస్ట్ చేయించండ్రి.

అపోహ: బేస్‌మెంట్ ఎత్తు (రోడ్డు మీదికెళ్లి ఇంటి అడుగు ఎత్తు) కట్టేటప్పుడు చూసుకోవచ్చు

సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు పోస్తనే ఉంటరు, ప్రతిసారి లెవెల్ పెరుగుతది. ఇప్పటి రోడ్డు చూసి ఒకటిన్నర అడుగు పెడితే పదేండ్లకు మోరీ నీళ్లు గడపల దిక్కు చూస్తయి. ఎత్తు పెంచితే ముందట మెట్లు, కారు ర్యాంపు పెరుగుతయి, వాటికి జాగ సెట్‌బ్యాక్ ఐదడుగులల్ల సరిపోదు. అందుకే ఇది ఇప్పటి ముచ్చట.

అపోహ: ఎన్ని ఆప్షన్లు గీయిస్తే అంత మంచి ప్లాన్ వస్తది

రెండు మూడు చాలు, అవి నిజంగ వేరువేరుగ ఉంటే. మెట్లు ముందటికి పెట్టింది ఒకటి, వెనకకు పెట్టింది ఒకటి, అట్ల. పది ప్లాన్లు ముందటేస్తే ఒక్కోదాంట్లకెళ్లి ఒక్కో ముక్క కావాలంటరు, అవన్ని కలిపితే ఏదీ కుదరదు.

అపోహ: మార్పులు ఎప్పుడైనా చేసుకోవచ్చు

రఫ్ ప్లాన్ల గోడ జరపడం అంటే పెన్సిల్ పని, ఎన్నిసార్లయినా అడగండ్రి, నేను విసుక్కోను. పిల్లర్ల డ్రాయింగ్ అయినంక అదే గోడ జరిపితే బీమ్ జరుగుతది, పిల్లర్ కింది పునాది, అంటే ఫుటింగ్ కూడ జరగొచ్చు. ఫైనల్ అనే ముందు ఒక పని చేయండ్రి, ప్లాట్‌ల సున్నంతోని రూముల గీతలు గీయించి ఇంటోళ్లందరూ లోపల తిరగండ్రి, మీ మంచం, బీరువా, డైనింగ్ టేబుల్ కొలతలు తెచ్చుకోని ఆ గీతలల్ల పెట్టి చూడండ్రి. కుదిరినంకనే ఆ ప్లాన్ మీద తేదీ వేసి సంతకం పెట్టండ్రి, ఒక కాపీ మీ దగ్గర, ఒకటి ఆర్కిటెక్ట్ దగ్గర, ఒకటి స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గర ఉండాలె.