సైకిల్ వెనక లైటు: దుకాణంలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

తిరుపతిలో సైకిళ్లు అమ్మడం, రిపేరు చేయడం నా పని. వెనక లైటు కావాలని రకరకాల వాళ్లు వస్తుంటారు. తెల్లవారకముందే పేపర్లు, పాలు వేసే అబ్బాయిలు, యూనివర్సిటీ హాస్టల్ పిల్లలు, కరకంబాడి వైపు షిఫ్టుకు పోయేవాళ్లు, ఆదివారం పొద్దున చంద్రగిరి కోట దాకా తొక్కొచ్చే ఉద్యోగులు. అవసరాలు ఎవరివి వాళ్లవే గానీ అపోహలు మాత్రం అందరివీ ఒకటే. లైటు చేతిలో పట్టుకుని, స్విచ్ నొక్కి, అడుగు దూరంలో పెట్టుకుని చూసి "అబ్బ, భలే ఉందన్నా" అంటారు. దాన్ని చూడాల్సింది వాళ్లు కాదు కదా, రేణిగుంట రోడ్డులో వాళ్ల వెనక వచ్చే బస్సు డ్రైవరు.

అపోహ: ల్యూమెన్లు ఎంత ఎక్కువుంటే లైటు అంత మంచిది

ల్యూమెన్ అంటే లైటు అన్ని దిక్కులకూ కలిపి వదిలే మొత్తం వెలుగు. అందులో వెనకవాడి కంటి వైపు ఎంత పోతోందో చెప్పే లెక్క వేరే ఉంది, దాన్ని క్యాండెలా అంటారు. మంచి లెన్సు ఉన్న 30 ల్యూమెన్ల లైటు, లెన్సు సరిగ్గా లేక వెలుగంతా ఆకాశానికీ నేలకూ పంచిపెట్టే 100 ల్యూమెన్ల లైటు కన్నా దూరం నుంచి బాగా కనిపిస్తుంది. పెట్టె మీద క్యాండెలా రాసే కంపెనీలు తక్కువ, అందుకే అందరం ల్యూమెన్ల వెంట పడతాం. చీకట్లో తొక్కడానికి నిజాయితీగల 20 నుంచి 50 ల్యూమెన్లు చాలు. పట్టపగలు ఎండలో కూడా కనిపించాలంటే 100 దాటాలి.

'నిజాయితీగల' అని ఊరికే అనలేదు. పెట్టె మీద మూడు అంకెలు చూడండి: ల్యూమెన్లు, బ్యాటరీ ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జి పడుతుందో చెప్పే లెక్క), ఎన్ని గంటలు వస్తుందో. ఉదాహరణకు 100 ల్యూమెన్లు, 500 ఎంఏహెచ్, 50 గంటలు అని ఉందనుకోండి. 500ను 50తో భాగిస్తే అది వాడే కరెంటు 10 మిల్లీయాంపియర్లు. 3.7 వోల్టుల బ్యాటరీకి అది 37 మిల్లీవాట్లు. ఎర్ర ఎల్ఈడీ ఎంత మంచిదైనా వాట్‌కు 100 ల్యూమెన్ల లెక్కన చూసినా వచ్చేది నాలుగు ల్యూమెన్లు కూడా కాదు. అదే 100 ల్యూమెన్లు ఆగకుండా ఇవ్వాలంటే ఆ బ్యాటరీ రెండు గంటలు కూడా నిలవదు. అంటే ల్యూమెన్ల అంకె ఒక మోడ్‌ది (ఎక్కువ వెలుగు, తక్కువ వెలుగు, ఫ్లాష్ లాంటివి మోడ్‌లు), గంటల అంకె ఇంకో మోడ్‌ది. రెండూ నిజమే కావచ్చు, కలిపి చదివితేనే మోసం. మీరు వాడబోయే మోడ్‌లో ఎన్ని గంటలో అడగండి. దుకాణదారుడు చెప్పలేకపోతే ఆ లైటు పక్కన పెట్టేయండి.

అపోహ: లైటు మంచిదైతే చాలు, ఎట్లా బిగించినా నడుస్తుంది

నా దగ్గరికి పాడైపోయి వచ్చే లైట్ల కన్నా ఊడిపోయిన లైట్ల కథలే ఎక్కువ. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరిపడి, వెనక ఆటో కింద నలిగిపోతుంది. కొన్నిసార్లు ఊడదు గానీ జారి నేల చూస్తుంది. తొక్కేవాడికి ఆ సంగతి ఇంటికి పోయేదాకా తెలియదు. నా లెక్కలో వెనక లైటుకు మొదటి పరీక్ష పట్టు. వెలుగు ఆ తర్వాతే.

ఎక్కువ లైట్లు సీటు రాడ్డుకు రబ్బరు పట్టీతో బిగించేవే. మన ఎండకు ఆ రబ్బరు గట్టిపడి, కొక్కేనికి తగులుకునే చిల్లు దగ్గర మొదట పగులుతుంది. నెలకోసారి పట్టీని వేళ్లతో సాగదీసి చూడండి, చిల్లు చుట్టూ సన్నని గీతలు కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. విడిగా పట్టీ దొరికే లైటు కొనుక్కుంటే పట్టీ తెగినప్పుడు లైటు మొత్తం మార్చాల్సిన పని ఉండదు. మన పాత నల్ల సైకిళ్ల సీటు రాడ్డు సన్నం. కొత్త సైకిళ్ల కోసం చేసిన క్లాంపు దాని మీద గిరగిరా తిరుగుతుంది. దీనికి మా దగ్గరున్న మందు పాత ట్యూబు ముక్క. రెండు వేళ్ల వెడల్పు కోసి, రాడ్డు చుట్టూ ఒక చుట్టు చుట్టి, దాని మీద క్లాంపు బిగిస్తే ఇక కదలదు. ప్లాస్టిక్ క్లాంపును స్క్రూ డ్రైవర్‌తో బలమంతా పెట్టి తిప్పితే మాత్రం చిట్లుతుంది. చేత్తో తిప్పితే కదలనంత బిగువు చాలు.

బిగించాక వెలుగు ఎటు చూస్తోందో చూడాలి. ఈ సంగతి చాలామంది మెకానిక్‌లే పట్టించుకోరు. సీటు రాడ్డు నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. మామూలు సైకిల్‌కు నేల నుంచి దాదాపు 73 డిగ్రీల కోణం. దానికి లైటును సమంగా అతికిస్తే అది నేరుగా వెనక్కి కాకుండా 17 డిగ్రీలు కిందికి చూస్తుంది. లైటు 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉందంటే వెలుగు నడిమధ్య భాగం రెండున్నర మీటర్ల దూరంలోనే రోడ్డును తాకుతుంది. రోడ్డు మీద ఎర్రటి మరక అందంగా పడుతుంది గానీ దూరంగా ఉన్న డ్రైవరుకు దక్కేది లైటు అంచు వెలుగే. మంచి బ్రాకెట్లలో ఈ వాలును సరిచేసే ఏటవాలు ముక్క గానీ, వంచుకునే కీలు గానీ ఉంటుంది. లేకపోతే లైటు కింది భాగంలో మళ్లీ అదే ట్యూబు ముక్కను మడిచి దూర్చండి. సైకిల్‌ను స్టాండు మీద కాకుండా నేల మీదే నిలబెట్టి ఎవరినైనా పట్టుకోమని, వీధి చివరి దాకా నడిచి వెనక్కి తిరిగి చూడండి. కారు డ్రైవరు కూర్చునే ఎత్తుకు కొంచెం వంగి చూడాలి. ఆ తర్వాత రోడ్డుకు ఆ పక్కకు జరిగి కూడా చూడండి. పక్కల నుంచి అసలు కనిపించని లైటయితే లీలామహల్ సర్కిల్ లాంటి కూడళ్లలో మీకు సగమే ఉపయోగం.

అపోహ: సీటు కింద ఉంటే అందరికీ కనిపిస్తుంది

ఖాళీ సైకిల్‌కు అయితే నిజమే. పాల క్యాన్లు, పేపర్ల కట్ట, గడ్డి మోపు, కాలేజీ బ్యాగు, వదులు చొక్కా, వీటిలో ఏది ఉన్నా సీటు కింద లైటు పోయినట్టే. క్యారియర్ ఉన్న సైకిల్‌కు లైటు క్యారియర్ చివరే ఉండాలి. అందుకోసం వచ్చే లైట్లకు రెండు బోల్టులు ఉంటాయి, వాటి మధ్య దూరం 50 గానీ 80 గానీ మిల్లీమీటర్లు. మన దేశీ క్యారియర్లకు ఆ చిల్లులు చాలావరకు ఉండవు. ఒక చిన్న ఇనుప పట్టీకి చిల్లులు వేయించి క్యారియర్‌కు బిగిస్తే సరిపోతుంది. మామూలు నట్టు బదులు లోపల నైలాన్ రింగు ఉన్న నట్టు వేయించండి, గుంతల రోడ్డు అదురుకు వదులవదు.

అపోహ: ఊడదీసి జేబులో వేసుకునే లైటయితే దొంగల భయం లేదు

దొంగ పట్టుకుపోడు, మీరే ఇంట్లో మర్చిపోతారు. రోజూ రైల్వే స్టేషన్ దగ్గరో బస్టాండు దగ్గరో సైకిల్ పెట్టి పోయేవాళ్లకు నేను బోల్టు లైటే చెప్తాను. సైకిల్ స్టాండులో పోయేవి చాలావరకు చేత్తో లాగితే వచ్చే వస్తువులే. స్పానర్ కావాల్సినదాని జోలికి ఎవరూ తొందరగా పోరు. నట్టు బయటికి కాకుండా మడ్‌గార్డ్ వైపు లోపలికి ఉండేలా బిగిస్తే ఇంకా మంచిది. వారానికోసారి తొక్కే ఖరీదైన సైకిల్‌కు అయితే ఊడదీసే లైటు బాగానే ఉంటుంది. అప్పుడు ఇంట్లో దాన్ని హెల్మెట్‌లోనే వేసి ఉంచండి. హెల్మెట్ లేకుండా బయల్దేరరు కదా!

అపోహ: మిణుకుమిణుకుమనే లైటే భద్రం

దీని మీద దేశాలకే ఏకాభిప్రాయం లేదు. జర్మనీలో సైకిల్ వెనక లైటు మిణుకుమనకూడదు. బ్రిటన్‌లో 2005 నుంచి ఒప్పుకున్నారు, అదీ నిమిషానికి 60 నుంచి 240 సార్ల మధ్య మిణుకుమంటేనే. రెండు వైపులా వాదనకు బలం ఉంది. ఫ్లాష్ కంటిని ఇట్టే లాగుతుంది. కానీ ఆరి వెలిగే లైటు ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా పోతోందో అంచనా వేయడం కష్టం. ఆరిన క్షణంలో కంటికి ఆధారం ఉండదు.

నేను చెప్పేది ఇది: పగలు హైవే మీద ఫ్లాష్, రాత్రి నిలకడ వెలుగు. పూర్తిగా ఆరకుండా తగ్గి పెరిగే మోడ్ ఉంటే రాత్రికి అదే అన్నిటికన్నా మేలు. రెండు లైట్లు పెట్టుకోగలిగితే ఒకటి నిలకడగా, ఒకటి ఫ్లాష్‌లో. ఒక సంగతి, గుంపుగా తొక్కేటప్పుడు ఫ్లాష్ వద్దు. ముందువాడి ఫ్లాష్‌ను గంటసేపు చూస్తూ తొక్కితే వెనకవాడికి తలనొప్పి ఖాయం. ఆఖరున ఉన్నవాడు తప్ప మిగతావాళ్లు తక్కువ వెలుగులో పెట్టుకోవాలి.

అపోహ: కంపెనీ రిఫ్లెక్టర్ ఉందిగా, లైటెందుకు?

సైకిల్ రిఫ్లెక్టర్ల నాణ్యత మీద కేంద్ర ప్రభుత్వం 2020లో క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ తెచ్చింది. మంచిదే. కానీ రిఫ్లెక్టర్‌కు సొంత వెలుగు లేదు. హెడ్‌లైటు దాని మీద పడితేనే, పడిన దిక్కుకే వెనక్కి పంపుతుంది. మలుపులో హెడ్‌లైటు మీ మీద పడేసరికి బండి దగ్గరికి వచ్చేసి ఉంటుంది. ఒక హెడ్‌లైటు పోయిన లారీ, లైటే వేయని బైకు మన రోడ్ల మీద కొత్త కాదు.

లెక్క చూడండి. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు, వెనక కారు 60తో వస్తోంది. మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు 12.5 మీటర్లు తగ్గుతుంది. 50 మీటర్ల దగ్గర మిమ్మల్ని గమనిస్తే డ్రైవరుకు ఉన్నవి నాలుగు సెకన్లు. 250 మీటర్ల దగ్గరే ఎర్ర లైటు కనిపిస్తే 20 సెకన్లు. తాపీగా పక్కకు తిప్పుకుని పోతాడు. తమిళుల పురటాసి నెలలో తమిళనాడు నుంచి తిరుమలకు నడిచొచ్చే భక్తులు రాత్రిళ్లు రోడ్డు అంచునే ఉంటారు. మీరు వాళ్లను తప్పించుకుని రోడ్డు మధ్యకు వచ్చే క్షణంలో ఆ 20 సెకన్ల విలువ తెలుస్తుంది.

అట్లాగని రిఫ్లెక్టర్ పీకేయకండి. చార్జింగ్ అయిపోయిన రోజు ఉన్నది అదొక్కటే. పెడల్ రిఫ్లెక్టర్లు ఇంకా మేలు, అవి పైకీ కిందికీ కదులుతుంటే అది సైకిలేనని డ్రైవరుకు వెంటనే తెలిసిపోతుంది. బురద పట్టిన రిఫ్లెక్టర్‌ను మాత్రం అప్పుడప్పుడు తడి గుడ్డతో తుడవండి.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని రాసుంటే వానకు ఢోకా లేదు

మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టిగా పడతాయి, 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏమయ్యాయో అందరం చూశాం. ఆ మూడు నెలలూ వెనక లైటుకు పై నుంచి పడే వాన కన్నా చక్రం కింది నుంచి కొట్టే బురదనీళ్లే పెద్ద బాధ. పెట్టె మీద 'వాటర్‌ప్రూఫ్' అనే మాటను వదిలేసి, నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే ఐపీ నంబరు చూడండి. ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచి చిలికే నీళ్లను తట్టుకుంటుంది, మడ్‌గార్డ్ ఉన్న సైకిల్‌కు అది చాలు. మడ్‌గార్డ్ లేకపోతే నీటి ధారను తట్టుకునే ఐపీఎక్స్5 గానీ 6 గానీ తీసుకోండి. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పరీక్ష. ధార పరీక్ష కూడా పాసైందని దాని అర్థం కాదు, అది వేరే పరీక్ష.

ఎంత పెద్ద నంబరున్నా చార్జింగ్ పోర్టు మీది రబ్బరు మూత సరిగ్గా నొక్కకపోతే అంతా వృథా. వానలో తడిసొచ్చిన లైటును అట్లాగే చార్జింగ్ పెడితే పోర్టులోని పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. తుడిచి, ఆరాక పెట్టండి. ఎండాకాలం సంగతి ఇందుకు రివర్స్. మేలో 40 డిగ్రీలు దాటే ఎండలో సైకిల్‌తో పాటు లైటునూ రోజంతా వదిలేస్తే లిథియం బ్యాటరీ ఆయుష్షు తొందరగా తగ్గుతుంది. లైటు డొక్క ఉబ్బినట్టు కనిపిస్తే ఇక చార్జింగ్ పెట్టొద్దు.

అపోహ: రంగురంగుల లైట్లు, లేజర్ గీతలు ఉంటే ఇంకా బాగా కనిపిస్తాం

వెనక ఎరుపు, ముందు తెలుపు. ఆ రంగును బట్టే మీరు తన వైపు వస్తున్నారో, తన ముందు పోతున్నారో ఎదుటివాడికి తెలిసేది. నీలం, పచ్చ లైట్లు వెనక పెడితే అయోమయం తప్ప లాభం లేదు. రోడ్డు మీద రెండు ఎర్ర గీతలు గీసే లేజర్ లైట్లు పిల్లలకు భలే ఇష్టం. వెనక బండి హెడ్‌లైటు పడగానే ఆ గీతలు మాయమైపోతాయి.

అపోహ: డైనమో కాలం అయిపోయింది

పాత డైనమోలు చాలావరకు 6 వోల్టులు, 3 వాట్లవి: ముందు బల్బుకు 2.4 వాట్లు, వెనకదానికి 0.6. ఆ 0.6 వాట్లతో బల్బు మినుకుమినుకుమనేది, సైకిల్ ఆగితే ఆరిపోయేది. ఇప్పుడు అదే 0.6 వాట్లతో ఎల్ఈడీ దివ్యంగా వెలుగుతుంది. లోపల కెపాసిటర్ (కాసేపటికి సరిపడా కరెంటు దాచుకునే భాగం) ఉన్న వెనక లైటు తీసుకుంటే సిగ్నల్ దగ్గర ఆగినా కొన్ని నిమిషాలు ఆరదు. చార్జింగ్ గుర్తుపెట్టుకోవాలన్న టెన్షన్ లేదు, ఇంట్లో మర్చిపోయేది లేదు. పొద్దున నాలుగింటికి పాల క్యాన్లు కట్టుకుని బయల్దేరే మనిషి వచ్చి ఏది వేయమంటావన్నా అని అడిగితే డైనమో వేసి, క్యారియర్ చివర బోల్టు లైటు బిగించి పంపిస్తాను. డైనమో బుడిపె టైరు పక్క గీతల మీద సరిగ్గా ఆనుతోందో లేదో మాత్రం మీరే చూసుకోవాలి, వానలో జారితే లైటు ఆరిపోతుంది.