బంజరు అన్న మాటే బట్టమేక పిట్టకు చేటు

బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. గడ్డిలో నిలబడి ఉన్నప్పుడు ఎటువైపు నుంచి నక్క వచ్చినా పసిగట్టడానికి ఆ చూపు బాగా పనికొస్తుంది. గాల్లోకి లేచాక మాత్రం అదే దాని ప్రాణం మీదికి వస్తోంది. ఎదురుగా ఉన్న సన్నటి తీగ దగ్గరికొచ్చే దాకా కనబడదు. కనబడినా, 15 కిలోల దాకా తూగే మగపిట్ట చటుక్కున పక్కకు తిరగలేదు. థార్ ఎడారిలో ఏటా సుమారు 18 బట్టమేకలు కరెంటు తీగలు తగిలి చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. 1969లో దేశం మొత్తం మీద 1,260 ఉంటాయనుకున్న ఈ పిట్టలు ఇప్పుడు 150కి అటూఇటూగా మిగిలాయి. అందులో ఎక్కువ భాగం జైసల్మేర్ వైపే. మన రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ఏర్పాటు చేసిందీ ఈ పిట్ట కోసమే. అక్కడ అది కనబడటం మానేసి ఏళ్లయింది.

ఇదంతా తీగలతో మొదలైంది కాదు. 1979 ప్రాంతంలో గల్ఫ్ నుంచి రాజకుటుంబీకులు డేగలతో జైసల్మేర్‌కు వేటకు వచ్చినప్పుడు రాజస్థాన్‌లో గట్టి నిరసన లేచింది. ఆ మరుసటి ఏడాదే జైసల్మేర్, బాడ్మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఎడారి జాతీయ ఉద్యానం వెలిసింది. 1981లో బట్టమేక రాజస్థాన్ రాష్ట్ర పక్షి అయింది. అక్కడివాళ్లు దాన్ని గోడావణ్ అంటారు. పేరుకు జాతీయ ఉద్యానమే అయినా చట్టం ప్రకారం అది అభయారణ్యమే. లోపల పదుల సంఖ్యలో ఊళ్లున్నాయి. రోడ్డు వేయాలన్నా, కరెంటు లాగాలన్నా ఆ ఊళ్లవాళ్లకు అనుమతుల చిక్కులే. వాళ్ల గోడు కూడా న్యాయమైనదే.

అసలు తప్పు అంతకుముందే జరిగిందని నాకనిపిస్తుంది. చెట్లు పెద్దగా లేని ఆ నేలను రికార్డుల్లో బంజరు అని రాసేశారు. అక్కడ సేవణ్ గడ్డి పెరుగుతుంది. మనం దసరాకు పూజించే జమ్మి చెట్టే అక్కడి ఖేజ్రీ. చింకారాలు, ఎడారి నక్కలు, ముళ్లతోక ఉడుములు, రాబందులు అన్నీ ఆ నేలనే నమ్ముకుని బతుకుతున్నాయి. దేవుడి పేరున వదిలిన ఓరణ్‌లనే ఊరి వనాల్లో గ్రామస్థులు తరతరాలుగా కొమ్మ కూడా నరకలేదు. అయినా బంజరు అన్న ముద్ర పోలేదు. ఇందిరాగాంధీ కాలువ నీళ్లు వచ్చిన చోట గడ్డి పోయి పొలాలొచ్చాయి. పొలాల వెంట కుక్కలొచ్చాయి. ఆ తర్వాత గాలిమరలు, సోలార్ ప్లాంట్లు, వాటి వెంట తీగలు.

మాజీ ఐఏఎస్ అధికారి ఎం.కె. రంజిత్‌సింహ్ తదితరులు 2019లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. రాజస్థాన్, గుజరాత్‌లలో సుమారు 99 వేల చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో, వీలైన చోటల్లా తీగలను భూమిలోంచి వేయాలని 2021 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. అంత విస్తీర్ణంలో అది కుదరదని, సౌర విద్యుత్ లక్ష్యాలు దెబ్బతింటాయని కేంద్రం వాదించింది. 2024 మార్చిలో కోర్టు ఆ ఆంక్షను సడలించి, ఎక్కడ ఏం చేయాలో తేల్చమని నిపుణుల కమిటీ వేసింది.

ఇంకోవైపు 2019లో జైసల్మేర్ జిల్లా సమ్ దగ్గర కృత్రిమ సంతానోత్పత్తి కేంద్రం మొదలైంది. ఆడపిట్ట ఏడాదికి సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. అందుకే గుడ్లు సేకరించి పొదిగిస్తున్నారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో తొలి పిల్ల పుట్టింది. ఈ పిల్లలు పెరిగాక వదలడానికి తీగల్లేని గడ్డినేల కావాలి.