ఒక్క మెసేజ్‌కి నాలుగు సెకన్లా? మోడెమ్ నెమ్మది వెనక కథ

కంప్యూటర్‌కి జీఎస్ఎం మోడెమ్ (సిమ్ వేసుకుని సెల్‌ఫోన్‌లా మెసేజ్‌లు పంపే పరికరం) తగిలించి, తెర మీద మెసేజ్ పంపే కమాండ్ ఏటీ+సీఎంజీఎస్ అని కొట్టి, ఫోన్ నంబరిచ్చి ఎంటర్ నొక్కితే చిన్న బాణం గుర్తు వస్తుంది. దాని పక్కన మెసేజ్ రాసి కంట్రోల్-జెడ్ నొక్కాలి. ఇక చూస్తూ కూర్చోవడమే. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అప్పటికి గానీ ‘ఓకే’ రాదు. చిత్రమేమిటంటే, కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య వేగం 1,15,200 బాడ్ (అంటే సెకనుకు అన్ని బిట్లు) ఉంటే 160 అక్షరాలు తీగ దాటడానికి 14 మిల్లీసెకన్లు చాలు. మిగతా టైమంతా గాలిలోనే పోతోంది.

ఎందుకో తెలియాలంటే 1985 దాకా వెళ్లాలి. అప్పుడు జర్మనీలోని బాన్‌లో, జీఎస్ఎం ప్రమాణాలు రాస్తున్నవాళ్లలో ఒకడైన ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ టైప్‌రైటర్ ముందు కూర్చుని, మామూలు మనుషులు రాసుకునే వాక్యాలు కొట్టి అక్షరాలు లెక్కపెట్టాడు. చాలావాటికి 160 సరిపోయాయి. మెసేజ్‌ల కోసం కొత్త దారి వెయ్యాలని ఎవరూ అనుకోలేదు. కాల్ కలపడానికి ఫోనూ టవరూ మాట్లాడుకునే సిగ్నలింగ్ దారి ఎక్కువ సేపు ఖాళీగానే ఉంటుంది కదా, అందులో దూర్చేస్తే పోలా అన్నది ఆలోచన. అద్దె లేని వసారాలో కాపురం పెట్టినట్టన్నమాట. 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ పంపిన మొదటి మెసేజ్, ‘మెర్రీ క్రిస్మస్’, వెళ్లింది కంప్యూటర్ నుంచే. కానీ ఒక్క మెసేజ్‌కి వసారా ఇరుకు తెలియదు.

ఇరుకెంతో లెక్క చూద్దాం. ఆ దారి పేరు ఎస్‌డీసీసీహెచ్. వేగం సెకనుకు సుమారు 782 బిట్లు. 0.235 సెకనుకొకసారి 23 బైట్ల పెట్టె కదులుతుంది. అందులో 3 బైట్లు దాని సొంత లెక్కలకే పోతాయి, సరుకు 20 బైట్లే. నిండు మెసేజ్‌కి నంబర్లూ గట్రా కలిపితే 170 బైట్ల దాకా తేలుతుంది. అంటే తొమ్మిది పెట్టెలు, రెండు సెకన్ల పైమాటే. దానికి ముందు మోడెమ్ టవర్‌ని దారి అడగాలి, సిమ్ తానెవరో రుజువు చేసుకోవాలి. తర్వాత మెసేజ్ సెంటర్ నుంచి అందినట్టు రసీదు రావాలి. అలా నాలుగైదు సెకన్లు.

2005లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి లెక్కే వేశారు. అలాంటి ఒక్కో దారి మీద గంటకు 900 మెసేజ్‌లు నడుస్తాయన్నారు. కాల్స్ కలిసేదీ ఆ దారిలోనే కాబట్టి, సెకనుకు 165 మెసేజ్‌లు కుమ్మరిస్తే మన్‌హాటన్‌లో ఫోన్లే కలవకుండా చెయ్యొచ్చని చూపించారు. వసారాలో ఉన్నవాడు వీధి తలుపుకే అడ్డం పడుకున్నట్టు.

ఇక ఆ ఏటీ కమాండ్లు ఇంకా పాతవి. 1981లో హేస్ కంపెనీ టెలిఫోన్ లైన్ల మోడెమ్ కోసం పెట్టిన భాష అది. జీఎస్ఎం వాళ్లు దాన్నే తీసుకుని మెసేజ్ కమాండ్లు కలిపారు. వాటిలో సీఎంఎంఎస్ అనేదాన్ని జనం పెద్దగా పట్టించుకోరు గానీ, నాకదే ముఖ్యం. ‘వెనకాల ఇంకా ఉన్నాయి, తలుపు మూయొద్దు’ అని నెట్‌వర్క్‌కి చెప్పే మాట అది. నెట్‌వర్క్ ఒప్పుకుంటే దారి అడగడం, రుజువు చేసుకోవడం ప్రతిసారీ ఉండవు. 4జీ వచ్చాక గాలిలో పట్టే టైము తగ్గింది. అయినా రసీదు కోసం ఆగడం తప్పదు.

మెసేజ్‌లు అందుకోవడంలో చిక్కు వేరు. వచ్చిన మెసేజ్‌ని మోడెమ్ చాలాసార్లు సిమ్‌లో పెడుతుంది, అక్కడ కొన్ని పదులకే చోటు. ఒకసారి ఓ కాలేజీ కోసం హాల్‌టికెట్ నంబర్లు మెసేజ్‌లో తీసుకునే ఏర్పాటు చేశాను. చదివినవాటిని చెరిపే కమాండ్ రాయడం మర్చిపోయాను. పొద్దున చకచకా వచ్చిన మెసేజ్‌లు మధ్యాహ్నానికి ఆగిపోయాయి. టవర్‌నీ సిగ్నల్‌నీ తిట్టుకుంటూ గంటసేపు యాంటెన్నా తిప్పాను. తీరా చూస్తే సిమ్ నిండిపోయి ఉంది!

తెలుగులో పంపితే ఖర్చు ఇంకా ఎక్కువ. అన్ని భాషల లిపులకూ వాడే యూనికోడ్‌లో మెసేజ్‌కి 70 సంకేతాలే పడతాయి. కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘శ్రీ’ నాలుగు సంకేతాలు తింటుంది. కాస్త పొడుగైతే రెండు ముక్కలు, అంటే రెండు ప్రయాణాలు. దీనికి మందు లేకపోలేదు. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ అనే సంస్థ తన 9వ విడుదలలో తెలుగుతో సహా భారతీయ భాషలకు, ఒక్కో సంకేతం ఏడు బిట్లలోనే ఇమిడే పట్టికలు చేర్చింది. వాటితో 150కి పైగా సంకేతాలు పడతాయి. పంపేవాడి దగ్గరా అందుకునేవాడి దగ్గరా ఆ పట్టిక ఉండాలి మరి. ఇప్పటికీ మనం 70తోనే సర్దుకుంటున్నాం.

మన దేశంలో ఆ తర్వాతి అడ్డు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నుంచి వచ్చింది. 2011 సెప్టెంబర్ 27 నుంచి సిమ్‌కి రోజుకు 100 మెసేజ్‌లే అంది. నాలుగేసి సెకన్ల చొప్పున ఏడు నిమిషాల్లోపే ఆ కోటా అయిపోయేది, మిగతా రోజంతా మోడెమ్‌కి సెలవే. నవంబర్‌లో దాన్ని 200 చేశారు. 2012లో 100 దాటితే ఒక్కోదానికి కనీసం 50 పైసలన్నారు. 2020లో అదీ ఎత్తేశారు. ఈలోగా 2018 నిబంధనలొచ్చి, మూకుమ్మడిగా పంపేవాళ్లు తమ పేర్లూ మెసేజ్ నమూనాలూ ముందే నమోదు చేసుకోవాలన్నాయి. 2021 మార్చి 8న ఆ నమూనాల తనిఖీ మొదలుపెడితే దేశమంతా చాలా బ్యాంకుల ఓటీపీలు ఆగిపోయాయి. దాంతో ట్రాయ్ ఆ తనిఖీని వారం పాటు పక్కన పెట్టింది.