చివరి బల్బులు ఎర్రబడ్డాయంటే

మా వీధిలో దీపావళికి లైట్లు పెట్టేది తెలుగువాళ్ళం, డిసెంబరుకి పెట్టేది అమెరికన్లు. మేం ఒకసారి పెట్టాక ఎలాగూ తీయం కాబట్టి మా చూరుకి అవి సంక్రాంతి దాకా వేలాడుతూనే ఉంటాయి. డాలస్ చుట్టుపక్కల ఇది మామూలే. అయితే ఎదురింటాయన క్రిస్మస్ లైట్లు పాటకి తగ్గట్టు ఆడతాయి. అది చూసి నాకూ పంతం వచ్చి, 5 వోల్టుల పిక్సెల్ బల్బుల దండ (ఏ బల్బు రంగు ఆ బల్బుకి విడిగా మార్చొచ్చు), వంద బల్బులది, కొనుక్కొచ్చి గ్యారేజీ పైన బిగించి తెల్ల రంగు నొక్కాను. మొదట్లో తెల్లగానే ఉంది, మధ్యకొచ్చేసరికి పసుపు తిరిగింది, చివరి ఇరవై బల్బులు మందార పూలలా ఎర్రగా ఉన్నాయి. మా ఆవిడ చూసి "బాగుంది, కావాలనే అలా పెట్టావా?" అంది.

బల్బులు పాడయ్యాయనుకున్నాను గానీ తప్పు తీగది. ఒక్కో బల్బులో ఎరుపు, పచ్చ, నీలం ఎల్ఈడీలు మూడుంటాయి, మూడూ నిండుగా వెలిగితేనే మన కంటికి తెలుపు. అలా వెలిగినప్పుడు బల్బుకి దాదాపు 60 మిల్లీ ఆంపియర్లు, అంటే వందకి 6 ఆంపియర్లు, అదంతా ఒక సన్నటి తీగ మొదట్లోంచే పోవాలి. తీగకీ కొంత నిరోధం ఉంటుంది కదా, దారిపొడవునా వోల్టేజీని తినేస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే చివర్న 3.5 వోల్టులే ఉంది. ఎర్ర ఎల్ఈడీకి 2 వోల్టులు వస్తే చాలు. నీలానికి, పచ్చకి 3 దాకా కావాలి, పైగా లోపలున్న చిప్ తన వంతు కొంత తీసుకుంటుంది. అందుకే వోల్టేజీ చాలనప్పుడు ముందు నీలం నీరసిస్తుంది, ఎరుపు ఆఖరిదాకా నిలబడుతుంది.

ఇండియాలో పందిళ్ళకి కట్టే సీరియల్ సెట్ల గొడవ వేరు. పేరులోనే ఉంది చూడండి, బల్బులన్నీ సిరీస్‌లో ఉంటాయి, ఒకటి మాడితే దండంతా చీకటే. ఇక్కడి పాత మినీ లైట్లూ అంతే, 2.5 వోల్టుల బల్బులు యాభై కలిపితే 125, గోడ ప్లగ్గులో వచ్చేది 120. కాకపోతే వాటి బల్బు లోపల, ఫిలమెంటు కింద, పైపూత ఉన్న చిన్న తీగ చుట్ట ఒకటుంటుంది. ఫిలమెంటు తెగగానే 120 వోల్టులూ ఆ ఒక్క బల్బు మీదే పడి ఆ పూత చీలిపోతుంది, కరెంటుకి అడ్డదారి దొరుకుతుంది, మిగతావి వెలుగుతూనే ఉంటాయి.

పిక్సెల్ దండలో కరెంటు సమాంతరంగానే అందుతుంది, ఒకరి చేతిలోంచి ఒకరికి వెళ్ళేది సమాచారం. పెళ్ళి బంతిలో లడ్డూల పళ్ళెం జరిగినట్టే, మొదటి బల్బు తన రంగేదో చెప్పే 24 బిట్లు తీసుకుని మిగతావి పక్కదానికి పంపుతుంది. బల్బుకి 30 మైక్రోసెకన్లు చొప్పున, వెయ్యి బల్బుల దండైనా సెకనుకి ముప్ఫై సార్లు రంగు మార్చొచ్చు. ఒక చిప్ పోతే మాత్రం దాని తర్వాతివాళ్ళకి లడ్డూ అందదు.

1882లో ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ న్యూయార్క్‌లో తన ఇంట్లోని క్రిస్మస్ చెట్టుకి 80 రంగు బల్బులు కట్టి, చెట్టునే గిరగిరా తిప్పాడు. ఈ పాటల సరదా మాత్రం, ఒహాయోలోని మేసన్‌లో కార్సన్ విలియమ్స్ పెట్టిన 16,000 లైట్ల వీడియో 2005లో ఊరూరా తిరిగాక బాగా ఊపందుకుంది. చూడ్డానికొచ్చే కార్లు ఎక్కువై ఆయన కొన్నాళ్ళకే ఆపేయాల్సొచ్చింది. కాబట్టి పక్కింటివాళ్ళకి ముందే చెప్పండి, పాటని స్పీకర్లో కాకుండా తక్కువ శక్తి ఎఫ్ఎంలో ఇవ్వండి, కార్లో కూర్చుని వింటారు.

మొదలుపెట్టేవాళ్ళు ఒక్క చూరుతో మొదలుపెట్టండి, దారిలో కొంత వోల్టేజీ పోయినా సరిపోయేలా 12 వోల్టుల దండ తీసుకోండి, చివర్నుంచి కూడా కరెంటు ఇవ్వండి. లైట్లని పాటకి తగ్గట్టు ఆడించే ఎక్స్‌లైట్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం, నేర్చుకోడానికి వేసవంతా పడుతుంది. అందరూ బల్బుల మీద డబ్బు తగలేసి కనెక్టర్ల దగ్గర పిసినారితనం చూపిస్తారు, నేనూ అంతే. ఒక్క వాన పడితే వాటిలోకి నీళ్ళు చేరి బయటి ప్లగ్గు ట్రిప్ అవుతుంది. విసుగొచ్చి దాన్ని తప్పించి లోపలి ప్లగ్గు వాడకండి, అది ట్రిప్ అయ్యేది మీకు షాక్ కొట్టకూడదనే.

రెండో ఏడాది మా లైట్లు చివరిదాకా తెల్లగానే ఉన్నాయి. ఎదురింటాయన వచ్చి చూసి, ముందు అడిగింది బ్రైట్‌నెస్ ఎంత పెట్టావని. కరెంటు తక్కువ లాగాలని 30 శాతం అన్నాను. ఆయనది 20 అట.