లీడర్ లేని పార్టిషన్: కాఫ్కా రెప్లికేషన్ చిక్కుల నేపథ్యం

సందేశాలను నిల్వచేసి అందించే కాఫ్కా సాఫ్ట్‌వేర్ నడిచే క్లస్టర్‌లో (కలిసి పనిచేసే యంత్రాల గుంపులో) ఒక టాపిక్ (సందేశాల వర్గం) వివరాలు అడిగినప్పుడు ఒక్కోసారి ఇలాంటి వరుస కనబడుతుంది: లీడర్ (రాతలు స్వీకరించే ప్రధాన ప్రతి) ఎవరూ లేరు, రెప్లికాలు 1, 2, 3, ఐఎస్ఆర్‌లో (లీడర్‌తో సమానంగా ఉన్న ప్రతుల జాబితాలో) మాత్రం 2 ఒక్కటే. ఆ పార్టిషన్ (టాపిక్‌లోని ఒక భాగం) ప్రతులు, అంటే రెప్లికాలు, మూడు బ్రోకర్లలో (కాఫ్కా సర్వర్లలో) ఉన్నాయి. 1, 3 చక్కగా నడుస్తున్నాయి. లీడర్‌తో సమానంగా ఉన్నట్టు నమోదైనది మాత్రం రెండో బ్రోకర్ ఒక్కటే, అదేమో పడిపోయింది. బతికున్న బ్రోకర్లు రెండు ఉండగా ఒక్కదాన్నైనా లీడర్‌ని చేయకుండా కాఫ్కా ఎందుకు ఆగిపోయిందన్నది ఆ సమయంలో ఆన్‌కాల్‌లో ఉన్న ఇంజనీరుకు వచ్చే మొదటి ప్రశ్న. ఇది లోపం కాదు. డేటా పోగొట్టుకున్న అనుభవాల తర్వాత ఒక్కొక్కటిగా చేరిన నియమాల ఫలితం ఇది, ఏ నియమం ఏ వెర్షన్‌లో వచ్చిందో తెలియకుండా ఇక్కడ చేయి పెట్టడం ప్రమాదకరం.

లింక్డ్ఇన్ సంస్థలో పుట్టిన కాఫ్కా 2011లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చినప్పుడు అందులో రెప్లికేషన్ లేనే లేదు. బ్రోకర్ డిస్కు పాడైతే అందులోని సందేశాలు పోయినట్టే. 2013 చివర్లో వచ్చిన 0.8 వెర్షన్‌తో ప్రతి పార్టిషన్‌కూ ఒక లీడర్, దాన్ని అనుసరించే ఫాలోయర్లు ఏర్పడ్డాయి. కాఫ్కా రూపకర్తలు పాక్సోస్ తరహా మెజారిటీ పద్ధతిని (సగానికి మించిన ప్రతులు ఒప్పుకుంటే చాలనే పద్ధతిని) డేటాకు వాడలేదు. మెజారిటీ పద్ధతిలో రెండు యంత్రాలు పోయినా తట్టుకోవాలంటే ఐదు ప్రతులు కావాలి. టెరాబైట్ల కొద్దీ లాగ్‌లను (సందేశాలు వరుసగా చేరే ఫైళ్లను) ఐదు చోట్ల రాయడం భారం. అందుకని లీడర్‌ను ఎప్పటికప్పుడు అందుకుంటున్న ప్రతుల జాబితాను, అంటే ఐఎస్ఆర్‌ను, విడిగా జూకీపర్ అనే సమన్వయ సర్వీసులో భద్రపరిచి, ఆ జాబితాలోని ప్రతులన్నీ అందుకున్న సందేశాన్నే కమిట్ అయినట్టు లెక్కించారు. దీంతో మూడు ప్రతులతోనే రెండు వైఫల్యాలను తట్టుకోవచ్చు. ఆలోచన మంచిదే, కానీ జాబితా కుదించుకుపోతూ చివరికి లీడర్ ఒక్కటే మిగిలితే "అన్నీ" అన్న మాటకు అర్థం "ఒక్కటి" అయిపోతుంది.

ఈ బలహీనతను 0.8 తుది విడుదలకు ముందే, 2013 సెప్టెంబరులో, కైల్ కింగ్స్‌బరీ తన జెప్సన్ పరీక్షల్లో (ఇలాంటి వ్యవస్థలు వైఫల్యాలను ఎలా తట్టుకుంటాయో చూసే పరీక్షల్లో) బట్టబయలు చేశారు. ఆయన చేసింది సూటిగా ఉంటుంది. లీడర్‌ను ఫాలోయర్ల నుంచి నెట్‌వర్క్‌పరంగా విడదీశారు. కాసేపటికి ఐఎస్ఆర్‌లో లీడర్ ఒక్కటే మిగిలింది. ఆ స్థితిలో క్లయింట్లు రాసిన ప్రతిదానికీ "అందింది" అన్న జవాబు వచ్చింది. ఆ తర్వాత ఆ లీడర్‌ను ఆపేశారు. కాఫ్కా అప్పుడు వెనకబడిన ప్రతిని లీడర్‌గా ఎన్నుకుంది, అందింది అన్న సందేశాలు మాయమయ్యాయి. ఈ విమర్శ కాఫ్కాకు చేసిన మేలు చాలా పెద్దదని నా అభిప్రాయం.

2015 ఆరంభంలో వచ్చిన 0.8.2 వెర్షన్ రెండు సెట్టింగులను చేర్చింది. అన్‌క్లీన్ లీడర్ ఎలక్షన్ అన్నది వెనకబడిన ప్రతిని లీడర్ చేయవచ్చా లేదా అని నిర్ణయిస్తుంది. మిన్ ఇన్‌సింక్ రెప్లికాస్ అన్నది ఐఎస్ఆర్‌లో కనీసం ఇన్ని ప్రతులు లేకపోతే, అన్ని ప్రతుల ధ్రువీకరణ కోరే రాతలను తిరస్కరించమంటుంది. అయితే డిఫాల్టులు మారడానికి చాలా కాలం పట్టింది. అన్‌క్లీన్ ఎన్నిక 2017లో 0.11తో గానీ డిఫాల్టుగా ఆగలేదు. ప్రొడ్యూసర్ (సందేశాలు రాసే క్లయింట్) డిఫాల్టుగా అన్ని ప్రతుల ధ్రువీకరణ కోరడం 2021 నాటి 3.0తో మొదలైంది. మిన్ ఇన్‌సింక్ రెప్లికాస్ విలువ నేటికీ డిఫాల్టుగా 1 గానే ఉంది. అందువల్ల పాత క్లస్టర్‌లో డేటా పోయిందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు ముందు చూడాల్సింది బ్రోకర్ల ఎర్రర్ లాగ్‌లు కావు. ఆ టాపిక్ ఏ కాలంలో, ఏ విలువలతో సృష్టించబడిందన్నదే.

ఐఎస్ఆర్‌లోంచి ప్రతులు పడిపోవడం, మళ్లీ చేరడం, మళ్లీ పడిపోవడం అన్నది ఇంకో పాత బాధ. మొదట్లో ఫాలోయర్ 4,000 సందేశాలకు మించి వెనకబడితే జాబితాలోంచి తీసేసేవారు. ప్రొడ్యూసర్ ఒక్కసారిగా పెద్ద గుత్తి పంపితే ఏ తప్పూ లేని ఫాలోయర్ కూడా క్షణకాలం ఆ హద్దు దాటేది, హెచ్చరిక మోగేది. సందేశాల లెక్కను 2015 నవంబరు నాటి 0.9 తీసేసి, లీడర్‌ను చివరిగా ఎప్పుడు పూర్తిగా అందుకున్నదన్న కాలపు కొలతనొక్కదాన్నే మిగిల్చింది. 2020లో 2.5 వెర్షన్ ఆ గడువును 10 సెకన్ల నుంచి 30కి, జూకీపర్ సెషన్ గడువును 6 నుంచి 18 సెకన్లకు పెంచింది. కనుక ఇప్పుడు ఐఎస్ఆర్ కుదించుకుపోయిందంటే దాన్ని పట్టించుకోవాల్సిందే. ఆగి ఆగి నడిచే డిస్కు, సుదీర్ఘ గార్బేజ్ కలెక్షన్ (మెమరీ శుభ్రపరిచే) విరామం, నిండిపోయిన నెట్‌వర్క్, ఆగిపోయిన ఫెచర్ థ్రెడ్ (లీడర్ నుంచి సందేశాలు తెచ్చుకునే భాగం): ఈ నాలుగింటిలో ఒకటి సాధారణంగా దొరుకుతుంది. పార్టిషన్లన్నిటిలోనూ ఒకే బ్రోకర్ జాబితాలో లేకపోతే తప్పు ఆ బ్రోకర్‌ది. ఒకే లీడర్ కింద ఉన్న పార్టిషన్లలో వేర్వేరు ఫాలోయర్లు పడిపోతుంటే అనుమానించాల్సింది ఆ లీడర్‌ని.

జూకీపర్ కాలంలో మరీ విసిగించిన లోపం ఒకటుండేది. సెషన్ కాసేపు తెగి తిరిగి కలిసిన బ్రోకర్, తన దగ్గరున్న వెర్షన్ సంఖ్య జూకీపర్‌లోని దానితో సరిపోవడం లేదు గనుక ఐఎస్ఆర్ మార్పును వదిలేస్తున్నానని లాగ్‌లో పదే పదే రాసుకుంటూ పోయేది. బ్రోకర్ బతికే ఉంటుంది, లీడర్‌నని అనుకుంటూనే ఉంటుంది, పని మాత్రం సాగదు. దాన్ని రీస్టార్ట్ చేయడం తప్ప మార్గం ఉండేది కాదు. 2018 నాటి 1.1లో దీన్ని సరిచేశారు.

ఎన్నిక సక్రమంగా జరిగినా డేటా పోయే దారి 0.11 వరకూ మరొకటి ఉండేది. కమిట్ అయిన హద్దును, అంటే హై వాటర్‌మార్క్‌ను, ఫాలోయర్ ఒక ఫెచ్ ఆలస్యంగా తెలుసుకుంటుంది. ఒక సందేశం ఫాలోయర్ లాగ్‌లోకి చేరింది, హద్దు ముందుకు జరిగిన సంగతి మాత్రం ఇంకా చేరలేదు అనుకుందాం. ఆ క్షణంలో రీస్టార్ట్ అయిన ఫాలోయర్ తనకు తెలిసిన పాత హద్దు దాకా లాగ్‌ను కత్తిరించుకునేది. తిరిగి తెచ్చుకునేలోగా లీడర్ పడిపోయి ఈ ఫాలోయరే లీడర్ అయితే, రెండు చోట్లా ఉండిన సందేశం శాశ్వతంగా పోయేది. దీనికి విరుగుడుగా ప్రతి లీడర్ పదవీకాలానికీ ఒక ఎపాక్ సంఖ్య ఇచ్చి, ఎక్కడిదాకా కత్తిరించాలో ఆ సంఖ్యను బట్టి లీడర్‌నే అడిగే పద్ధతి తెచ్చారు.

ఇవన్నీ పార్టిషన్ లీడర్ల గురించి. ఆ లీడర్లను నియమించే కంట్రోలర్ కూడా పడిపోతుంది. జూకీపర్‌లో ఒక తాత్కాలిక నోడ్‌ను మొదట సృష్టించిన బ్రోకరే కంట్రోలర్ అయ్యేది, కొత్త కంట్రోలర్ పార్టిషన్ల స్థితినంతటినీ అక్కడి నుంచి చదువుకోవాల్సి వచ్చేది, పార్టిషన్లు పెరిగేకొద్దీ ఆ విరామమూ పెరిగేది. జూకీపర్‌ను పూర్తిగా వదిలేసే ప్రతిపాదన 2019లో వచ్చింది. 2014లో డియేగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ ప్రచురించిన మెజారిటీ తరహా రాఫ్ట్ పద్ధతిని ఆధారం చేసుకున్న క్రాఫ్ట్ (KRaft, జూకీపర్ స్థానంలో కాఫ్కాలోనే ఉండే ఏర్పాటు) 2022లో 3.3తో ప్రొడక్షన్‌కు సిద్ధమైంది, 2025 మార్చి నాటి 4.0లో జూకీపర్ పూర్తిగా తొలగింది. మొదట్లో డేటాకు వద్దనుకున్న మెజారిటీ పద్ధతిని మెటాడేటాకు (లీడర్లు, ఐఎస్ఆర్‌ల వంటి క్లస్టర్ సమాచారానికి) కాఫ్కా ఇప్పుడు తానే నడుపుకుంటోంది.

మొదట చెప్పిన వరుస మాత్రం క్రాఫ్ట్‌తో మాయం కాలేదు. కాఫ్కా ప్రతి సందేశాన్నీ వెంటనే డిస్కుకు ఫ్లష్ చేయదు, అంటే మెమరీలోంచి డిస్కు మీదికి రాయించదు. ప్రతులు వేరువేరు యంత్రాల్లో ఉండటమే దాని భద్రత. కనీసం రెండు ప్రతులు ఉండాలన్న నియమం పెట్టినా ఐఎస్ఆర్ ఒకటికి దిగవచ్చు. ఆ చివరి బ్రోకర్ విద్యుత్తు పోయి ఆగి, ఫ్లష్ కాని సందేశాలను పోగొట్టుకుని తిరిగి వస్తే, జాబితాలో అదొక్కటే ఉంది గనుక అదే లీడర్ అవుతుంది, పూర్తి డేటా ఉన్న మిగతా బ్రోకర్లు తమ లాగ్‌లను దానికి సరిపడా కత్తిరించుకుంటాయి. సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నా ఇది జరుగుతుంది. దీనికోసం ఐఎస్ఆర్ కనీస సంఖ్య కంటే తగ్గినప్పుడు కమిట్ హద్దును కదలనివ్వకుండా ఆపి, అప్పుడు జాబితాలోంచి జారిన ప్రతులను లీడర్ పదవికి అర్హమైన రెప్లికాలుగా విడిగా గుర్తుంచుకునే ఏర్పాటు 4.0లో ప్రివ్యూగా వచ్చింది, 4.1లో కొత్త క్లస్టర్లకు డిఫాల్టు అయింది.

ఆ ఏర్పాటు లేని క్లస్టర్‌లో లీడర్ లేని పార్టిషన్ ఎదురైతే, మొదటి ప్రయత్నం రెండో బ్రోకర్‌ను తిరిగి లేపడమే, అదీ దాని డిస్కు స్థితిని చూసుకున్నాకే. అది కుదరనప్పుడు ఎన్నిక సాధనంతో ఆ ఒక్క పార్టిషన్‌కే అన్‌క్లీన్ ఎన్నిక జరపవచ్చు. క్లస్టర్ మొత్తానికి ఆ సెట్టింగును తెరవకూడదు. జరపడానికి ముందు 1, 3 బ్రోకర్లలో ఆ పార్టిషన్ లాగ్ చివరి ఆఫ్‌సెట్లను (సందేశాల వరుస సంఖ్యలను) రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఎన్నిక తర్వాత ఏ సందేశాలు పోయాయో చెప్పగలిగే ఆధారం అదొక్కటే. పాత క్లస్టర్‌ను 4.1కి అప్‌గ్రేడ్ చేసినవారు కూడా అర్హమైన రెప్లికాల ఫీచర్ దానంతటదే వచ్చేసిందని అనుకోకూడదు. ఫీచర్ల కమాండుతో దాన్ని విడిగా ఆన్ చేయాలి.