42 డిగ్రీల వెనుక ఉన్న లెక్క: పల్స్‌డ్ ఆర్‌ఎఫ్ చికిత్స నేపథ్యం

విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ పెయిన్ క్లినిక్‌ల మెట్లెక్కే వారిలో చాలామంది నడుము నుంచి కాలిలోకో, మెడ నుంచి చేతిలోకో నరం లాగుతోందని వచ్చేవారే. మందులతో గుణం కనిపించనప్పుడు, ఆపరేషన్ దాకా వెళ్లకముందు వైద్యులు సూచించే మార్గాల్లో పల్స్‌డ్ ఆర్‌ఎఫ్ (పల్స్‌డ్ రేడియోఫ్రీక్వెన్సీ) ఒకటి. సి-ఆర్మ్ ఎక్స్‌రేలో చూస్తూ సన్నటి సూదిని నరం మూలం దగ్గరకు చేర్చి, దాని మొన నుంచి రేడియో తరంగాల కరెంటును విడతలు విడతలుగా పంపుతారు. ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటదు కనుక నరం కాలదన్నది ఈ చికిత్సకు మొదటినుంచీ ఉన్న పేరు. ఆ పేరును నిలదీసింది రోగుల మీద జరిగిన పరీక్షల కంటే ముందు కంప్యూటర్ లెక్కలే.

ఆర్‌ఎఫ్ కరెంటును నొప్పికి వాడడం మొదలైందే నరాన్ని కాల్చడం కోసం. 1974లో స్వీట్, వెప్సిక్ అనే వైద్యులు ముఖపు నొప్పికి ట్రైజెమినల్ నరం ముడిని ఈ పద్ధతిలో అదుపుగా వేడిచేసిన తీరును వివరించారు. మరుసటి ఏడాది షీలీ దానిని వెన్నుపూసల కీళ్ల నరాలకు వర్తింపజేశారు. సుమారు 45 డిగ్రీలు దాటి కొంతసేపు నిలిస్తే కణజాలం చచ్చిపోతుంది. కీళ్ల నుంచి వచ్చే చిన్న నరం విషయంలో అది సమ్మతమే గాని, చేతికీ కాలికీ స్పర్శను అందించే నరం మూలాన్ని కాలిస్తే తిమ్మిరి, కొత్త మంట మిగిలే ప్రమాదం ఉంది. 1997లో స్లాపెండెల్ బృందం మెడ నరాల మూలాల దగ్గర 67 డిగ్రీల చికిత్సను 40 డిగ్రీల చికిత్సతో పోల్చగా, ఉపశమనంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పనిచేస్తున్నది వేడి కాదు, విద్యుత్ క్షేత్రమేనన్న అనుమానానికి అది బలమిచ్చింది.

1998లో స్లైటర్, కాస్మన్, మరి ఇద్దరు కలిసి పల్స్‌డ్ పద్ధతిని ప్రచురించారు. 45 వోల్టులు, ఒక్కో విడత 20 మిల్లీసెకన్లు, సెకనుకు రెండు విడతలు, మొత్తం 120 సెకన్లు: ఇవే ఆ కొలతలు. అంటే ప్రతి సెకనులో 40 మిల్లీసెకన్లే కరెంటు, మిగతా 960 మిల్లీసెకన్లు చల్లారడానికి విరామం. వేడిని 42 లోపు ఉంచడానికి కుదిరిన అంకెలే తప్ప, ఏ నొప్పికి ఎంత మోతాదు కావాలో పోల్చి చూసి తేల్చినవి కావు. అయినా అవే ఏళ్ల తరబడి ఆనవాయితీగా స్థిరపడ్డాయి.

2005లో కాస్మన్ తండ్రీకొడుకులు సూది చుట్టూ ఉన్న కణజాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కలో విద్యుత్ క్షేత్రం ఎంత, దానివల్ల పుట్టే వేడి ఎంత అని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో గణించారు. ఇలాంటి కంప్యూటర్ మోడళ్లలో వేడి ఎలా పాకుతుందో, రక్తప్రవాహం దానిని ఎంత లాగేసుకుంటుందో చెప్పడానికి 1948 నాటి పెన్నెస్ సమీకరణమే నేటికీ ఆధారం. వారి లెక్క రెండు సంగతులు బయటపెట్టింది. మొనకు ఆనుకుని క్షేత్రం మీటరుకు లక్ష వోల్టులు మించుతుంది గాని, మిల్లీమీటరు దూరం జరిగేసరికే బాగా పడిపోతుంది. రెండవది మరింత ఇబ్బందికరం: ప్రతి విడతలోనూ మొన దగ్గర ఉష్ణోగ్రత క్షణకాలం పైకి ఎగసి, కణజాలాన్ని దెబ్బతీసే స్థాయిని తాకుతుంది. సూదిలో ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్ అంత వేగంగా స్పందించలేదు కనుక తెర మీద కనిపించే 42 ఒక సగటు మాత్రమే.

దీనితో పల్స్‌డ్ ఆర్‌ఎఫ్‌లో వేడి పాత్ర అసలు లేదనే మాట బలహీనపడింది. అలాగని వేడే అంతా చేస్తోందని రుజువు కాలేదు. ఆ ఎగసిపాటు మొనను అంటిపెట్టుకున్న అతి చిన్న ప్రాంతానికే పరిమితం. 2018లో స్పెయిన్ పరిశోధకులు వోల్టేజీ, విడత నిడివి, సెకనుకు ఎన్ని విడతలు అన్న మూడింటినీ మార్చి గణించారు. క్షేత్ర బలాన్ని నిర్ణయించేది వోల్టేజీ కాగా, విడత ఎంత పొట్టిదైతే వేడి ఎగసిపాటు అంత తగ్గుతుంది. కాబట్టి క్షేత్రాన్నీ వేడినీ కొంతవరకు విడదీయవచ్చన్నమాట. నా దృష్టిలో ఈ రంగానికి మోడలింగ్ చేసిన అసలు మేలు ఇదే.

రోగుల మీద ఫలితాలు మాత్రం నొప్పిని బట్టి మారాయి. 2007లో వాన్ జుండెర్ట్ బృందం 23 మందితో చేసిన పరీక్షలో, మెడ నుంచి చేతికి పాకే నొప్పికి మూడు నెలల నాటికి మేలు కనిపించింది. అదే ఏడాది ఎర్డినె బృందం ట్రైజెమినల్ నొప్పి మీద చేసిన పరీక్షలో నరాన్ని కాల్చే పాత పద్ధతి పనిచేసింది, పల్స్‌డ్ పద్ధతి పనిచేయలేదు. ఎందుకో మోడల్ చెప్పలేదు. కొవ్వు, కండరం, ఎముక, నరం తమలో విద్యుత్తును వేర్వేరుగా పారనిస్తాయి. తొలి మోడళ్లు వాటన్నిటినీ ఒకే పదార్థంగా తీసుకున్నాయి. పైగా కణం దగ్గర క్షేత్రం ఎంతో తెలిసినా, ఆ కణం నొప్పి సంకేతాన్ని ఎందుకు తగ్గిస్తుందో దాని నుంచి తేలదు.

వాడుకలో ఇంకో చిక్కు ఉంది. ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే యంత్రాలు 42 దాటబోతే వోల్టేజీని తగ్గిస్తాయి, లేదా విడతల నిడివిని కుదిస్తాయి. అందువల్ల ఇద్దరు రోగుల డిశ్చార్జి కాగితాల్లో 42 డిగ్రీలు, 120 సెకన్లు అని ఒకేలా రాసి ఉన్నా, నరానికి సూది మొన ఎంత దూరంలో ఉంది, యంత్రం ఎన్ని వోల్టులు పంపింది అన్న వివరాలు లేకుండా వారిద్దరి నరాలకూ ఒకే చికిత్స అందిందని చెప్పడానికి వీలులేదు.